నాన్నగారి నేరేడు జాడీ

"డాక్టరుగారూ! తేనెలో ఉసిరికాయ ముక్కలు వేసి ఊరబెట్టాను. పది రోజులకు పైన నురగ కట్టింది. మూత తిప్పగానే బుస్సుమంది. వాసన కాస్త ఘాటుగా ఉంది. తేనె ఎన్నాళ్ళున్నా పాడవదంటారు కదా! పిల్లలకు పెట్టవచ్చునా?"

ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. "పెట్టవద్దు, పారబోయండి" అని రెండు ముక్కల్లో జవాబు రాసి ఊరుకోవచ్చును. కాని అలా రాస్తే, "తేనె ఖరీదెంతో ఈవిడకేం తెలుసు!" అని ఆ సోదరి నన్ను తిట్టుకుంటుంది. జాడీ తిరిగి అలమారలోకి వెళుతుంది. అందుకని మా ఇంట్లో జరిగిన సంగతే చెబుతాను. డాక్టరునై ఉండీ నేను చేసిన పొరపాటు కూడా ఇందులో ఉంది.

మా నాన్నగారు రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. డెబ్బై అయిదు దాటాయి. పదిహేనేళ్ళుగా షుగరు ఉంది, మాత్రలు వేసుకుంటారు. అమ్మా ఆయనా కింది వాటాలో, మేము పైన. ఆయనకు మద్యమంటే ఎంత అసహ్యమో చెబితే గాని ఈ కథ అర్థం కాదు. 1995 జనవరిలో రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చిన రోజున అమ్మ చేత పరమాన్నం వండించి వీధి వీధంతా పంచారు. 1997లో దాన్ని ఎత్తివేసినప్పుడు ఆ పూట అన్నం ముట్టలేదు. పెళ్ళిలో తాగినవాడు వచ్చి పక్కన కూర్చుంటే విస్తరి ముందు నుంచి లేచిపోయిన మనిషి. దగ్గు మందు కొన్నా కళ్ళద్దాలు పెట్టుకుని సీసా మీది అక్షరాలు చదివాకనే తాగుతారు.

నలభై రోజుల మందు

2024 జూన్ మొదటి వారం. పొద్దున్నే పార్కులో నడిచే మిత్రుడెవరో నాన్నగారికి ఒక యోగం చెప్పాడు. తేనె కిలో, కాచి చల్లార్చిన నీళ్ళు రెండు లీటర్లు, నేరేడు పండ్లు కిలో. జాడీలో పోసి గుడ్డ కట్టి, రోజూ ఒకసారి గరిటెతో కలుపుతూ నలభై రోజులు ఉంచాలి. షుగరుకు దివ్యౌషధం! నేరేడు షుగరుకు మంచిదన్న మాట మన ఇళ్ళలో అందరూ వినేదే. తేనె పంచదార కాదు గదా అన్న భ్రమా ఉండనే ఉంది. ఇంకేం, అమ్మ ఆవకాయ జాడీ ఖాళీ అయింది.

నాలుగో నాటికి పండ్లన్నీ పైకి తేలి మందపాటి మీగడలా కట్టాయి. నాన్నగారు ఆవకాయ మూడోనాడు కలిపినంత శ్రద్ధగా రోజూ వాటిని కిందికి నొక్కి కలిపేవారు. జాడీకి చెవి ఆనిస్తే లోపల చిటపటమని సన్నని చప్పుడు. "మందు పండుతోందమ్మాయ్" అని మురిసిపోయేవారు.

పదో రోజున ఒక చెంచా నాకూ ఇచ్చారు. తియ్యగా ఉంది. నాలుక మీద కాస్త చురచురమంది. ఆస్పత్రికి వెళ్ళే తొందరలో ఉన్నాను. "బాగుంది నాన్నా" అన్నాను. ఆ ఒక్క మాటా ఆయనకు డాక్టరు సర్టిఫికెట్టు అయిపోయింది!

ఇరవయ్యో రోజు నుంచి ఆయన రాత్రిపూట సగం గ్లాసు తీసుకోవడం మొదలుపెట్టారు. వారానికి ముప్పావు, తరువాత నిండు గ్లాసు. ఒళ్ళు వెచ్చగా ఉంటోందనీ, చక్కగా నిద్ర పడుతోందనీ చెప్పేవారు. అమ్మ ఆ పండ్లు నాలుగు మా ఆరేళ్ళ పిల్లవాడికి కూడా పెట్టేది. వాడు పేచీ పెట్టకుండా పెందలాడే పడుకుంటున్నాడని నేను సంతోషించాను!

తొలి ఏకాదశి రాత్రి

జూలై 17 తొలి ఏకాదశి. నాన్నగారు ఉపవాసం. పొద్దున కాసిని పాలు, మధ్యాహ్నం ఒక అరటిపండు, ఇంత పేలపిండి. షుగరు మాత్ర మాత్రం అలవాటు ప్రకారం వేసుకున్నారు. రాత్రి ఫలహారం వద్దన్నారు గాని, "మందుకు దోషం లేదు" అని నేరేడు రసం రెండు గ్లాసులు తాగి పడుకున్నారు.

తెల్లవారుజామున మూడింటికి అమ్మ కేక వేసింది. వెళ్ళి చూద్దును గదా, నాన్నగారి ఒళ్ళంతా చెమటతో తడిసి ముద్దయింది. మాట తడబడుతోంది. నన్ను చూసి మా మేనత్త పేరు పెట్టి పిలిచారు. పక్షవాతమేమోనని నా గుండె జారిపోయింది. ముందు షుగరు చూద్దామని వేలు గుచ్చాను. 44! డెబ్బై కంటే తగ్గితేనే తక్కువ కింద లెక్క.

ఇంకా మింగగలుగుతున్నారు గనుక మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి పట్టాను. పావుగంటలో మనిషి తేరుకున్నారు. ఆ మాత్రల ప్రభావం గంటల తరబడి ఉంటుంది, షుగరు మళ్ళీ పడిపోవచ్చు. అందుకని ఆస్పత్రిలో చేర్చి ఒక రోజంతా సెలైను మీద ఉంచాము.

గ్లాసు నోటికి అందించేటప్పుడు ఒక సంగతి జరిగింది. ఆయన నోటి నుంచి గుప్పున వాసన వచ్చింది. క్యాజువాలిటీలో ఎన్నో రాత్రుళ్ళు డ్యూటీ చేసినదాన్ని, ఆ వాసన నాకు కొత్త కాదు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేను మా నాన్నగారిని అనుమానించాను. ఈ వయసులో చాటుగా అలవాటు చేసుకున్నారా? ఇన్నేళ్ళ నిష్ఠ అంతా పైకేనా? అడగడానికి నోరు రాలేదు. ఆయన ఆస్పత్రిలో ఉండగా ఆయన బీరువా, పాత ట్రంకు పెట్టె, పుస్తకాల వెనక కూడా వెతికాను. ఏమీ దొరకలేదు. జాడీ మాత్రం వంటింటి గట్టు మీద అందరి కళ్ళ ఎదుటే ఉంది. దాని వంక చూడలేదు!

మేష్టారి నవ్వు

నాలుగు రోజుల తరువాత నాన్నగారిని చూడడానికి ఆయన చిన్ననాటి స్నేహితుడు, లెక్కల మేష్టారు వచ్చారు. నేను బాబాయిగారూ అంటాను. 1970లలో మన దేశం నుంచి ఎందరో టీచర్లు ఇథియోపియా బడుల్లో పాఠాలు చెప్పడానికి వెళ్ళారు. ఆయన అలా వెళ్ళి కొన్నాళ్ళు ఉండి వచ్చినవారు.

నాన్నగారు మర్యాదకు ఒక గ్లాసు నేరేడు రసం ఆయన చేతికిచ్చారు. మేష్టారు వాసన చూశారు. ఒక గుక్క తాగారు. కళ్ళు పెద్దవి చేసి పకపకా నవ్వడం మొదలుపెట్టారు.

"ఒరేయ్! ఇది తేజ్ రా! ఇథియోపియాలో పండగలకీ పెళ్ళిళ్ళకీ పోసే తేజ్! తేనె, నీళ్ళు కలిపి పులియబెడతారు. వాళ్ళు గేషో అనే చెట్టు ఆకులూ పుల్లలూ వేస్తారు, నువ్వు నేరేడు పండ్లు వేశావు. అంతే తేడా. మద్యనిషేధం వాడివి, ఇంట్లోనే బట్టీ పెట్టావేమిట్రా!"

నాన్నగారు నవ్వలేదు. మేష్టారు నవ్వు ఆపి, "నీకు తెలియక చేశావులే. వాళ్ళలోనూ పులియకముందు బిర్జ్ అని ఒట్టి తేనె పానకం ఉంటుంది, పిల్లలూ తాగుతారు. నాలుగు రోజులు ఎక్కువ ఉంటే అదే తేజ్ అవుతుంది" అని సర్దిచెప్పారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నా చేతిలో కాఫీ చల్లారిపోయింది.

పండు వేస్తే ఏమవుతుంది?

ఇప్పుడు ఉత్తరం రాసిన సోదరి ప్రశ్నకు వద్దాం. తేనె పాడవదన్న మాట నిజమే, చిక్కగా ఉన్నంతవరకు. మంచి తేనెలో సుమారు 80 శాతం చక్కెరలే. నీరు 20 శాతం లోపు. తేనెలో ఈస్టు క్రిములు సహజంగానే ఉంటాయి. అంత చిక్కని చక్కెరలో అవి పెరగలేక పడి ఉంటాయి. నీరు 20 శాతం దాటిందా, మేలుకుంటాయి.

అందులో పండు వేశారనుకోండి, మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. ఒకటి, చక్కెర పండులోని నీటిని బయటికి లాగుతుంది. తేనె పలచబడుతుంది. రెండు, పండు తొక్క మీద ఉన్న ఈస్టు కొత్తగా వచ్చి చేరుతుంది. మూడు, ఈస్టు పెరగడానికి నత్రజని కావాలి. తేనెలో అది బహు తక్కువ. అందుకే ఒట్టి తేనెనీళ్ళు చాలా నిదానంగా పులుస్తాయి. పండు ఆ కొరత తీరుస్తుంది. ఇక మన ఊళ్ళ వేడి సంగతి చెప్పాలా!

ఈస్టు తిన్న చక్కెర ఇంచుమించు సగం ఆల్కహాలుగా, సగం బొగ్గుపులుసు వాయువుగా మారుతుంది. అయిదు గ్రాముల చక్కెర, అంటే ఒక చిన్న చెంచాడు, లీటరుకు పైగా వాయువునిస్తుంది. ఉత్తరంలోని "బుస్సు" అదే. మూత గట్టిగా బిగించిన గాజు సీసా పేలి కళ్ళు పోగొట్టగలదు.

ఆల్కహాలు లెక్క కూడా చూడండి. లీటరులో 17 గ్రాముల చక్కెర పులిస్తే సుమారు ఒక శాతం ఆల్కహాలు వస్తుంది. నాన్నగారి జాడీలో తేనె, పండ్లు కలిపి లీటరుకు 260 గ్రాముల దాకా చక్కెర ఉంది. అందులో సగం పులిసిందనుకున్నా ఏడెనిమిది శాతం. ఘాటు బీరుతో సమానం! రెండు గ్లాసులంటే ఏమిటో మీరే ఊహించుకోండి.

ఇది కొత్తగా పుట్టిన వింతేమీ కాదు. చైనాలో జియాహూ అనే చోట దొరికిన సుమారు 9 వేల ఏళ్ళనాటి కుండ పెంకుల్లో బియ్యం, తేనె, పండు కలిపి పులియబెట్టిన ఆనవాళ్ళు కనిపించాయని 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మన మధువు అన్న మాటకే తేనె అనీ మద్యమనీ రెండర్థాలు. ఇంగ్లీషువారి మీడ్ దానికి చుట్టమే. వారు పండు వేసిన మీడ్‌ను మెలొమెల్ అనీ, ద్రాక్ష వేస్తే పైమెంట్ అనీ, ఆపిల్ రసం కలిపితే సైసర్ అనీ పేర్లు పెట్టుకున్నారు. ఇంట్లో చేసుకోవడానికి చట్టం ఒప్పుకునే దేశాల్లో చాలామంది పండును మొదట వెయ్యరు. తొలి పొంగులో వాయువుతో పాటు పండు సువాసన ఎగిరిపోతుందని, పొంగు తగ్గాక వేస్తారు. పైకి తేలిన పండ్లు ఎండితే బూజు పడుతుందని రోజూ నొక్కుతారు. నాన్నగారు మందనుకుంటూ అచ్చంగా ఆ పనే చేశారు.

మన దగ్గర మాత్రం 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. "ఇంట్లో వాడకానికే" అన్నది సాకు కాదు.

చక్కెర తాగితే షుగరు పడిపోవడమేమిటి?

మంచి ప్రశ్న. ఆ రసంలో మిగిలిన తేనె వల్ల మొదట షుగరు పెరుగుతుంది. అది కొద్ది గంటల ముచ్చట. తిండి లేని రాత్రిపూట రక్తంలో చక్కెర తగ్గకుండా కాపాడేది మన కాలేయం. కొత్తగా చక్కెర తయారుచేసి వదులుతుంది. ఆల్కహాలు ఒంట్లో ఉన్నంతసేపూ ఆ పని కుంటుపడుతుంది. అవతల గ్లిమెపిరైడ్ వంటి మాత్ర ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. ఉపవాసం, మాత్ర, మద్యం మూడూ ఒకే రాత్రి కలిశాయి. ఏ ఒక్కటి లేకపోయినా అంత ముప్పు వచ్చేది కాదేమో. ఉపవాసం ఉండే షుగరు రోగులు మాత్ర సంగతి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

చాలామంది అడుగుతారు, మరి ఆయుర్వేదంలో ఆసవాలు, అరిష్టాలు ఉన్నాయి కదా అని. ఉన్నాయి. ద్రాక్షారిష్టం వంటివి పులియబెట్టి చేసినవే. సుమారు 5 నుంచి 10 శాతం ఆల్కహాలు ఉంటుంది. సీసా మీద ఆ మాట రాసే ఉంటుంది. వాటిని వైద్యుడు చెప్పినంత, చెంచాలతో కొలిచి, నీళ్ళు కలిపి తీసుకుంటారు. గ్లాసులతో కాదు. కాలేయం జబ్బు ఉన్నవారు, నిద్రమాత్రలు, మూర్ఛ మందులు వాడేవారు, గర్భిణులు, తాగుడు మానడానికి డైసల్ఫిరాం మాత్ర వేసుకునేవారు డాక్టరుకు చెప్పకుండా వాటి జోలికి పోరాదు. డైసల్ఫిరాం మీద కొంచెం ఆల్కహాలు పడినా ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడతో ప్రాణం మీదికి రావచ్చును. మితంగా తాగితే ఔషధమేనన్న మాటకు కూడా కాలం చెల్లింది. సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది.

నేరేడు షుగరును తగ్గిస్తుందా అన్నదానికి ఒక మాట. పండు మంచిదే, మితంగా తినండి. మాత్రకు బదులు కాదు. తేనె అంతకన్నా కాదు. చెంచాడు తేనెలో దాదాపు చెంచాడు పంచదార ఉన్నట్టే.

తేనెలో ఊరబెట్టాలనుకుంటే

ఉసిరిక కడిగి, తడి లేకుండా బాగా ఆరబెట్టండి. చిక్కని తేనె వాడండి, చుక్క నీరు కలపవద్దు. వారానికి సరిపడా కొద్దిగా చేసుకుని ఫ్రిజ్‌లో ఉంచండి. నురగ కట్టినా, బుస్సుమన్నా, ఘాటు వాసన వచ్చినా అది పులిసినట్టే. మూతను ముఖానికి దూరంగా, మెల్లగా వదులు చేసి పారబోయండి. ఉడికిస్తే పోతుందిలే అనుకోవద్దు. పావుగంట ఉడికించినా ఆల్కహాలులో ఇంచుమించు 40 శాతం మిగిలే ఉంటుంది.

ఏడాది నిండని పసిపాపకు తేనె అసలే నాకించవద్దు, పులిసినా పులియకపోయినా. తేనెలో ఉండగల ఒక క్రిమి బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. కండరాలు సడలిపోయి ఊపిరికి కష్టమవుతుంది. 1976లో అమెరికాలో గుర్తించిన జబ్బు ఇది. పురిటి బిడ్డ నాలుకకు తేనె రాసే మన ఆచారాన్ని పక్కన పెట్టాల్సిందే.

షుగరు మాత్రలు వాడేవారికి చెమటలు పట్టి మాట తడబడితే, స్పృహ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వండి. పావుగంటకు మళ్ళీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు. వెంటనే ఆస్పత్రికి.

నాన్నగారి ప్రశ్న

మేష్టారు వెళ్ళాక నాన్నగారు జాడీని తానే మోసుకెళ్ళి పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పోశారు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోనాడు నేను బీపీ చూస్తుంటే మెల్లగా అడిగారు:

"అమ్మాయ్, ఆ రాత్రి నీకు వాసన తెలిసిందా?"

"తెలిసింది నాన్నా."

"మరి నన్నెందుకు అడగలేదు?"

నా దగ్గర జవాబు లేదు. అదే ఏ రోగి అయినా అయితే, "ఏం తాగారు? ఏం తిన్నారు? ఎవరి మందు వాడుతున్నారు?" అని ముందు అడిగేదాన్ని. జాడీ సంగతి అయిదు నిమిషాల్లో బయటపడేది. సొంత తండ్రి కాబట్టి అడగలేదు. అడగకుండానే తీర్పు చెప్పేశాను. బీరువా వెతికానని ఆయనకు ఈనాటికీ చెప్పలేదు. ఈ వ్యాసం చదివితే తెలుస్తుంది. తెలియనివ్వండి.

అందుకే సోదరీ, మీ జాడీ పారబోయమని చెబుతున్నాను. దానితోపాటు ఇంకొక మాట. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏ చూర్ణం మింగుతున్నారో, ఏ కషాయం తాగుతున్నారో ఒకసారి పక్కన కూర్చుని అడగండి. తప్పు పట్టడానికి కాదు, తెలుసుకోవడానికి.

నాన్నగారు ఈ మధ్య నేరేడు పండ్లు ఉప్పు అద్దుకుని తింటున్నారు, రోజుకు ఏడెనిమిది. జాడీలో అమ్మ మళ్ళీ ఆవకాయ పెట్టింది.